యూనివర్సిటీ వాలీబాల్ జట్టులో పేరొచ్చింది, రెండో మిడ్ అదే వారంలో పడింది: పోతే ఎంత నష్టం?

కావలి_అక్క · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడి కోసం అడుగుతున్నా. బీటెక్ రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్, నెల్లూరు దగ్గర కాలేజీ, జేఎన్‌టీయూ అనంతపురం, ఆర్23 రెగ్యులేషన్ (2023లో చేరినోళ్ల నుంచి ఉన్న నిబంధనలు). యూనివర్సిటీ వాలీబాల్ జట్టుకు ఎంపికయ్యాడు. క్యాంపు రెండు వారాలు, ఆ వెంటనే సౌత్ జోన్ టోర్నమెంటు, రైలు ప్రయాణంతో కలిపి ఇంకో వారం. మూడు వారాలు క్లాసులు పోతాయి. రెండో మిడ్, అంటే కాలేజీ పెట్టే 30 మార్కుల ఇంటర్నల్ పరీక్ష, సరిగ్గా ఆ మూడో వారంలోనే. మొదటి మిడ్‌లో సబ్జెక్టుకు 24 నుంచి 27 మధ్య వచ్చాయి. నాన్న వద్దంటున్నారు, వాడు పోతానంటున్నాడు. పోతే నిజంగా ఎంత పోతుంది, దాన్ని ఎట్టా తగ్గించుకోవాలి? అంకెల్లో చెప్పండి, నాన్నకు చూపించాల.

పీడీ_మేష్టారు · ఒంగోలు · సోమవారం రాత్రి 10:25

అమ్మా, ముందు అటెండెన్స్ లెక్క వేద్దాం. మిడ్ కంటే అదే పెద్ద ప్రమాదం. మిడ్ పోతే మార్కులు పోతాయి, అటెండెన్స్ పోతే సెమిస్టరే పోతుంది.

సెమిస్టర్‌కు 90 పనిదినాలు, రోజుకు 7 పీరియడ్లు అనుకుందాం. మొత్తం 630. పరీక్ష రాయడానికి 75 శాతం, అంటే 473 పీరియడ్లు కావాలి. 157 దాకా పోయినా ఇబ్బంది లేదు. 65 నుంచి 75 మధ్య ఉంటే రుసుము కట్టి కండోనేషన్ (హాజరు లోటుకు మినహాయింపు) తెచ్చుకోవచ్చు. 65 కంటే తగ్గితే ఎవరూ ఏమీ చెయ్యలేరు, డిటెయిన్ చేస్తారు, వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చోవాల.

మూడు వారాలంటే 18 పనిదినాలు, 126 పీరియడ్లు. 157లోంచి తీసేస్తే 31 మిగులుతాయి. జ్వరానికైనా పండక్కి ఊరెళ్లడానికైనా ఇంకో నాలుగు రోజులు. ఓడీ (ఆటకు పోయిన రోజులకు ఇచ్చే ఆన్ డ్యూటీ హాజరు) ఒక్క పీరియడ్ కూడా రాకపోయినా అబ్బాయి 75 పైనే ఉంటాడు. అయితే ఇప్పటిదాకా ఒక్క క్లాసూ ఎగ్గొట్టకుండా ఉంటేనే ఈ మాట. రేపే అతని లాగిన్‌లో ఈరోజు వరకు ఎన్ని పోయాయో చూడండి, ఆ అంకె 31లోంచి తీసెయ్యండి.

సౌత్ జోన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో వస్తే ఆలిండియా ఇంటర్ జోనల్‌కు పోవాల. ఇంకో 8 రోజులు, 56 పీరియడ్లు. అప్పుడు మొత్తం 182 పోయి 71 శాతానికి దిగుతాడు. ఓడీ కాగితం ప్రాణం కాపాడేది అక్కడే.

ఇంకొకటి. మొత్తం మీద 75 ఉంటే చాలదు, ఒక్కో సబ్జెక్టులో కూడా కనీస హాజరు విడిగా చూస్తారు. వారానికి మూడు పీరియడ్లే ఉండే సబ్జెక్టుల్లో అది తొందరగా పడిపోద్ది. రెగ్యులేషన్ పుస్తకంలో ఆ పేజీ తీసి చూడండి. కాలేజీ అటానమస్ అయితే యూనివర్సిటీ పుస్తకం కాదు, ఆ కాలేజీ సొంత పుస్తకం చూడాల.

మిడ్స్_లెక్క · నెల్లూరు · సోమవారం రాత్రి 11:02

మిడ్ సంగతి నేను చెప్తానక్కా. ఆర్23లో రెండు మిడ్లలో బాగా వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం. ఒకటి రాయకపోతే రాసినదానికి 80 శాతం ఇస్తారు, రాయనిదానికి సున్నా.

మొదటి మిడ్ 26 అనుకోండి. 80 శాతం అంటే 20.8. రెండోది రాయకపోతే అక్కడితో సరి, 21. రెండోది రాసి 15 తెచ్చుకుంటే ఇంకో 3 కలిసి 23.8, అంటే 24. రెండోదాంట్లో 30కి 30 వస్తే అదే ఎక్కువ కాబట్టి 24 ప్లస్ 5.2, మొత్తం 29. మామూలుగా చదివే పిల్లోడు ఆ మిడ్ రాయకపోతే సబ్జెక్టుకు పోయేది 3 నుంచి 5 మార్కులు. మొదటి మిడ్ 24 పైన ఉండటమే ఇక్కడ కాపాడింది. మొదటిది 12 అయ్యుంటే ఇంటర్నల్ 10 దగ్గర ఆగిపోయేది, నేనే వద్దనేవాణ్ని.

పాస్ లెక్క: బయటి పరీక్ష, అంటే సెమిస్టర్ చివరిది, 70కి కనీసం 25 రావాల, రెండూ కలిపి 40 రావాల. ఇంటర్నల్ 21 ఉన్నోడికి 25 వస్తే 46, గట్టెక్కుతాడు. ఇంటర్నల్ 10 ఉన్నోడికి 25 వచ్చినా 35 దగ్గరే ఆగిపోతాడు, 30 తెచ్చుకోవాల. ఈ రెండు వరసలూ కాగితం మీద రాసి నాన్నగారికి చూపించండి.

"స్పోర్ట్స్ వాళ్లకి మిడ్ మళ్లీ పెడతారంట" అనే మాట నమ్మి రైలెక్కొద్దు. పెడతామని కాలేజీ రాసిస్తేనే ఉన్నట్టు. నోటి మాట పరీక్షల విభాగం దాకా పోదు.

కావలి_అక్క · మంగళవారం ఉదయం 7:15

మేష్టారూ, మీ మాట ప్రకారం లాగిన్‌లో చూశాం. ఇప్పటిదాకా 19 పీరియడ్లు పోయాయి. అంటే 12 మిగిలాయి. ఓడీ కచ్చితంగా కావాల. దానికి ఏమేం కాగితాలు, ఎవరికి ఇవ్వాల?

పీడీ_మేష్టారు · ఒంగోలు · మంగళవారం ఉదయం 8:30

రెండు రకాల కాగితాలుంటాయమ్మా, ఒకదాంతో ఒకటి కలపొద్దు.

మొదటిది అర్హత ప్రొఫార్మా. యూనివర్సిటీ జట్టులో ఆడేందుకు. పదో తరగతి సర్టిఫికెట్, ఇంటర్ మెమో, ఈ ఏడాది ఫీజు రసీదు, ఫొటోలు, ప్రిన్సిపాల్ సంతకం. రెగ్యులర్‌గా చదివే విద్యార్థే అయ్యుండాల, దూరవిద్య పనికిరాదు. జూలై 1 నాటికి వయసు పాతికేళ్లు దాటకూడదు. ఇక్కడ ఎక్కువగా తగిలే దెబ్బ పేరు దగ్గర. పదో తరగతిలో ఇంటిపేరు ముందుండి, ఆధార్‌లో చివర ఉంటుంది, ప్రొఫార్మాలో ఇంకోలా రాస్తారు. టోర్నమెంటు చోట అర్హత తనిఖీలో ఇది బయటపడితే అబ్బాయి బెంచీ మీద కూర్చోవాల్సిందే. పదో తరగతి సర్టిఫికెట్‌లో అక్షరం ఎట్టా ఉందో అట్టాగే అన్నిట్లో రాయండి.

రెండోది ఓడీ. యూనివర్సిటీ నుంచి ఎంపిక జాబితాతో ప్రిన్సిపాల్‌కు లేఖ వస్తుంది. అది వచ్చేసరికి పిల్లలు క్యాంపులో ఉంటారు, అదే గొడవ. కాబట్టి లేఖ కాలేజీకి చేరేదాకా ఆగొద్దు. జాబితా కాపీ దొరికిన రోజే అబ్బాయే ప్రిన్సిపాల్ పేరున అర్జీ రాసి, ఆ కాపీ జత చేసి, హెచ్‌ఓడీతో "ఫార్వర్డెడ్" అని రాయించి ఆఫీసులో ఇవ్వాల. ఇచ్చినట్టు తన కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవాల.

తేదీల దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. యూనివర్సిటీ లేఖలో ఒక్కోసారి మ్యాచ్ తేదీలే ఉంటాయి. క్యాంపు, ప్రయాణం ఉండవు. 18 రోజులు పోతే 5 రోజులకే ఓడీ వస్తుంది. అర్జీలో క్యాంపు మొదటి రోజు నుంచి, తిరిగి కాలేజీకి వచ్చే ముందు రోజు దాకా రాయాల. యూనివర్సిటీ స్పోర్ట్స్ ఆఫీసుకు ఫోన్ చేసి లేఖలో కూడా క్యాంపు తేదీలు వేయించమని అడగండి, అడిగితే వేస్తారు.

తిరిగొచ్చాక వారం లోపల పార్టిసిపేషన్ సర్టిఫికెట్ జిరాక్స్, క్యాంపు హాజరు పత్రం, రైలు టికెట్ల కాపీలు క్లాస్ ఇన్‌ఛార్జికి ఇవ్వాల. ఆ నెలాఖరుకు లాగిన్‌లో ఓడీ ఎక్కిందో లేదో చూడాల. సెమిస్టర్ చివర చూసుకుని పరిగెత్తితే అప్పటికి అటెండెన్స్ యూనివర్సిటీకి పంపేసి ఉంటారు.

రికార్డు_బుక్కు · సింగరాయకొండ · మంగళవారం ఉదయం 9:10

థియరీ గురించి అందరూ చెప్తారు, ల్యాబులు మర్చిపోతారు. ఇంజినీరింగ్‌లో ఆటగాళ్లకు మార్కులు జారేది ల్యాబుల్లోనే. ల్యాబుకు కూడా ఇంటర్నల్ 30, బయటి పరీక్ష 70. ఆ 30లో రోజువారీ పని భాగం ఉంటుంది, రికార్డు ఉంటుంది. సెమిస్టర్ మొత్తానికి ఒక ల్యాబులో పది, పన్నెండు ప్రయోగాలు. మూడు వారాలు లేకపోతే ఒక్కో ల్యాబులో మూడు పోతాయి.

వీటిని తర్వాత చేసుకుందాం అనుకోకూడదు. ఒకే ప్రయోగాన్ని సెక్షన్లు వేర్వేరు రోజుల్లో చేస్తాయి, ఒక సెక్షన్‌లోనే బ్యాచ్‌లు సైకిల్ ప్రకారం మారుతుంటాయి. పోయేముందు వారంలో వేరే సెక్షన్ ల్యాబు గంటల్లో రెండు ప్రయోగాలు, వచ్చాక ఒకటి చేసేట్టు ల్యాబ్ ఇన్‌ఛార్జి మేడంను, ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగాల. ల్యాబ్ అసిస్టెంట్‌కు ఏ రోజు ఏ బెంచీ ఖాళీనో బాగా తెలుసు. అబ్జర్వేషన్ పుస్తకంలో ఆ రోజు తేదీతోనే సంతకం పెట్టించుకోవాల.

స్నేహితుడి రీడింగులు ఎత్తి రికార్డులో రాస్తే వైవాలో దొరికిపోతారు. "ఈ గ్రాఫు ఇక్కడెందుకు వంగింది" అని ఒక్క ప్రశ్న చాలు. మూడు ప్రయోగాలే కదా, తన చేత్తో చేసి తన రీడింగులు రాసుకుంటే పోద్ది.

నల్లరేగడి · పొదిలి · మంగళవారం మధ్యాహ్నం 1:20

అందరూ ఎట్టా పోవాలో చెప్తున్నారు. ఎందుకు పోవాలో కూడా అడగాలి కదా. నాన్నగారి మాటలో న్యాయం ఉంది. వాలీబాల్‌లో సౌత్ జోన్ ఆడిన ప్రతి ఒక్కరికీ ఉద్యోగం రాదు. రెండో ఏడాదిలో సబ్జెక్టులు తప్పితే మూడో ఏడాది సప్లీలు రాస్తూ ప్లేస్‌మెంటు పోగొట్టుకుంటారు. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నోళ్లను పరీక్షకే పిలవవు. ఆట మీద నిజంగా ప్రాణం ఉంటే డిగ్రీలో చేరి ఆడాల్సింది, బీటెక్‌లో కాదు.

పీడీ_మేష్టారు · ఒంగోలు · మంగళవారం మధ్యాహ్నం 2:05

సోదరా, సగం ఒప్పుకుంటా. సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం ఇస్తుందని ఏ పిల్లాడికీ చెప్పకూడదు. కానీ దానికి విలువ లేదనడం కూడా సరికాదు. ఆ విలువ ఎక్కడుందో సరిగ్గా తెలిసుండాల.

కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాలో సర్టిఫికెట్లకు వేర్వేరు ఫారాలున్నాయి. ఫారం 1 దేశం తరఫున ఆడినోళ్లకి, ఫారం 2 రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు, ఫారం 3 యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, ఫారం 4 స్కూల్ గేమ్స్‌కు. కావలి అబ్బాయికి వచ్చేది ఫారం 3. దాని మీద సంతకం పెట్టాల్సింది యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే అధికారి, కాలేజీ ప్రిన్సిపాల్ కాదు. ఆడిన ఏడాదే ఆ ఫారం నింపించుకుని పెట్టుకోవాల. ఐదేళ్ల తర్వాత పోతే రిజిస్టర్లు వెతికేవాళ్లు ఉండరు.

రైల్వే క్రీడా కోటాలో వయసు 18 నుంచి 25, ఏ వర్గానికీ సడలింపు లేదు. అక్కడ ఆడితే చాలదు, పోస్టు స్థాయిని బట్టి స్థానం కూడా అడుగుతారు. రాష్ట్రంలో కొత్త క్రీడా విధానంతో ఉద్యోగాల్లో కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో క్రీడా కోటా కింద 421 పోస్టులు రాతపరీక్ష లేకుండా క్రీడార్హతల మీద భర్తీకి ప్రకటించారు. అయితే టీచరు పోస్టుకు ఉండాల్సిన చదువు అర్హత అక్కడా ఉండాల్సిందే. పతకం ఉండి డిగ్రీ సగంలో ఆపినోడికి ఆ తలుపు తెరుచుకోదు. చదువు వదిలి ఆడమని నేను ఎవరికీ చెప్పనిది ఇందుకే.

మన ప్రకాశం జిల్లా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. జ్యోతి యర్రాజీ నాగార్జున యూనివర్సిటీ విద్యార్థినిగా 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో 12.78 సెకన్లతో కంచు తెచ్చింది. ఆంధ్ర కేసరి యూనివర్సిటీ రాకముందు మన ఒంగోలు డిగ్రీ కాలేజీలు ఉండింది ఆ నాగార్జున కిందే. యూనివర్సిటీ ఆటంటే కాలక్షేపం అనుకునే ఇంట్లో ఈ రెండు పేర్లు చెప్పాల.

నల్లరేగడి · పొదిలి · మంగళవారం మధ్యాహ్నం 2:40

ఫారం 3 సంగతి నాకు తెలీదు మేష్టారూ, మంచి మాట చెప్పారు. బ్యాక్‌లాగ్ గురించి నా మాట మాత్రం అట్టాగే ఉంచుతున్నా. మొదటి మిడ్‌లో 24 పైన వచ్చినోడు పోవచ్చు. మూడు సబ్జెక్టులు ఇప్పటికే తప్పినోడు ఈ ఏడాది పోకూడదు, అవి కట్టేసుకుని వచ్చే ఏడాది పోవాల. పాతికేళ్లలోపు అవకాశం మళ్లీ వస్తుంది.

మిడ్స్_లెక్క · నెల్లూరు · మంగళవారం మధ్యాహ్నం 2:52

ఈ గీత బాగుంది. నేనూ అదే చెప్తా.

తెల్లారిగ్రౌండ్ · నెల్లూరు · మంగళవారం సాయంత్రం 6:30

నాదంతా ట్రైనింగ్ వైపు. చదువు ఆగేది ఆట వల్ల కాదు, ఆటను సెమిస్టర్‌తో సంబంధం లేకుండా ఆడించడం వల్ల. మిడ్స్ వారంలో కూడా రెండు పూటలా జంపులు వేయిస్తే పిల్లోడు రాత్రి పుస్తకం ముందు నిద్రపోతాడు.

శరీరానికి ఎట్టాగూ నాలుగైదు వారాలకొకసారి తేలిక వారం కావాల. ఆ తేలిక వారాన్ని మిడ్స్ మీద పెట్టండి. ఆట పరిమాణం సగానికి దించాల, తీవ్రత దించకూడదు. వాలీబాల్‌లో చెప్పాలంటే, మామూలు రోజు గంటన్నర గ్రౌండ్‌లో 100 స్పైకులు కొట్టేవాడు ఆ వారం ముప్పావు గంటలో 40, 50 కొడతాడు. కానీ ప్రతి స్పైకూ పూర్తి ఎత్తులో, పూర్తి వేగంతో. జిమ్ మూడుసార్లకు బదులు ఒక్కసారి, బరువు మాత్రం అదే. ఇంత మాత్రం చేస్తే రెండు మూడు వారాలైనా బలం తగ్గదు. పెద్ద టోర్నీకి ముందు పరిమాణం 40 నుంచి 60 శాతం తగ్గించడం ఎట్టాగూ కోచ్‌లు చేసేదే. అదే పని మిడ్స్‌కు కూడా పనికొస్తుంది.

పూర్తిగా మానెయ్యడం తప్పు. సెమిస్టర్ పరీక్షలకు నెల రోజులు గ్రౌండ్‌కే రాకుండా ఉండి, చివరి పేపరు రాసిన మర్నాడు పాత లెక్కలో జంపులు మొదలుపెడతారు. మోకాలి చిప్ప కింద స్నాయువు నొప్పి అక్కడే పట్టుకుంటుంది. ఊపిరి రెండు వారాల్లో తగ్గుతుంది, తిరిగొస్తుంది కూడా. స్నాయువు మాత్రం తొందరపెడితే నెలలు తినేస్తుంది. పరీక్షల తర్వాత మొదటి వారం సగం జంపులు, రెండో వారం మూడొంతులు, మూడో వారానికి పూర్తిగా.

నెల్లూరు ఎండలో ఏప్రిల్, మే నెలల్లో గ్రౌండ్ ఉదయం 5:15కు మొదలుపెట్టి 7 లోపు ముగించాల. రాత్రి 8:45కల్లా పడుకోవాల అని అర్థం. పదకొండుకు పడుకుని ఐదుకు లేచే పిల్లాడికి ఆటా రాదు, చదువూ ఎక్కదు. ఎనిమిది గంటల నిద్ర నేను బేరమాడను.

బస్సు_పాస్ · గూడూరు · మంగళవారం రాత్రి 8:15

డే స్కాలర్ల లెక్క వేరు అన్నా. వారానికి 168 గంటలు. నిద్ర 56. కాలేజీ 42. గ్రౌండ్ రోజుకు మూడు చొప్పున 18. గూడూరు నుంచో కావలి నుంచో నెల్లూరుకు కాలేజీ బస్సు పోనూరానూ రోజుకు రెండు గంటలంటే 12. తిండి, స్నానం, బట్టలు 21. మొత్తం 149. మిగిలేది 19 గంటలు. అందులో చదువుకు 12 తీస్తే గొప్ప. హాస్టల్ పిల్లాడికి ఆ బస్సు 12 గంటలు వెనక్కి వస్తాయి. టోర్నమెంటు ఉన్న సెమిస్టర్ ఒక్కదానికైనా హాస్టల్లో ఉంచగలిగితే ఉంచండి.

కుదరకపోతే బస్సులో పుస్తకం తెరిచి చదవమని బలవంతపెట్టొద్దు, కుదుపులకి తల తిరుగుతుంది. బస్సులో చెయ్యాల్సింది గుర్తు తెచ్చుకోవడం. ఆర్23 పేపర్లో 2 మార్కుల ప్రశ్నలు పది, యూనిట్‌కు రెండు. అంటే 20 మార్కులు. ఒక్కో యూనిట్‌కు పదిహేను చిన్న ప్రశ్నలు జేబులో పట్టే అట్టముక్కల మీద, ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. కళ్లు మూసుకుని జవాబు చెప్పుకుని, తిప్పి చూసుకుంటే సరిపోద్ది. లెక్కలు, డెరివేషన్లు బస్సులో రావు, వాటికి బల్ల కావాల.

సజ్జరొట్టె · కనిగిరి · మంగళవారం రాత్రి 9:00

తిండి గురించి రెండు మాటలు, ఎందుకంటే సాయంత్రం గ్రౌండ్ తర్వాత చదువు ఎక్కకపోవడానికి సగం కారణం ఆకలే. 70 కిలోల ఆటగాడికి కిలోకు 1.6 గ్రాముల లెక్కన రోజుకు 112 గ్రాముల ప్రొటీన్ కావాల. మెస్ అన్నం, పప్పు, సాంబారు, పెరుగు రోజంతా తిన్నా 55 దగ్గర ఆగుతుంది. మిగతాది: గుడ్లు మూడు 18, పాలు 400 మిల్లీలీటర్లు 13, ఎండు శనగలు 50 గ్రాములు నానబెట్టి 10, వేరుశనగపప్పు 30 గ్రాములు 8. మొత్తం 49 కలిసి 104 అవుతుంది. నెల్లూరులో చేప దొరికిన రోజు మిగిలిన ఎనిమిదీ అయిపోతాయి. డబ్బా పొడులు అవసరం లేదు.

గ్రౌండ్ నుంచి 7కు వచ్చి తొమ్మిదికి మెస్ తెరిచేదాకా ఖాళీ కడుపుతో పుస్తకం పట్టొద్దు. రెండు అరటిపండ్లు, గ్లాసు రాగిజావ వెంటనే తాగి, ఇరవై నిమిషాలు కునుకు తీసి కూర్చోవాల. రాత్రి ఎనిమిది తర్వాత టీ వద్దు, ఆ టీ పదకొండు దాకా కళ్లు మూయనివ్వదు.

చెమట లెక్క: గ్రౌండ్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరుంపావు నుంచి లీటరున్నర నీళ్లు తిరిగి తాగాల, ఒక్కసారే కాదు, రెండు మూడు గంటల్లో. లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపితే ఇంట్లోనే ఓఆర్ఎస్.

పినాకిని · నెల్లూరు · మంగళవారం రాత్రి 9:35

ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా. అమ్మాయి సాయంత్రం ప్రాక్టీసు తర్వాత చదవలేకపోతుంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే "ఆట ఎక్కువైంది, మానెయ్" అనేముందు హిమోగ్లోబిన్ చూపించండి. 12 కంటే తక్కువుంటే రక్తహీనత. అది ఉన్నంతకాలం ఆటా సాగదు, చదువులో ఏకాగ్రతా ఉండదు. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) తక్కువుండొచ్చు, అది విడి పరీక్ష. డాక్టరు ఐరన్ మాత్ర రాస్తే టీ, కాఫీలతో వేసుకోకూడదు, గంట ఎడం పెట్టి నిమ్మరసంతో వేసుకోవాల.

బయటి ఊరు పంపేముందు జట్టుతో మహిళా మేనేజరు వస్తున్నారా, బస ఎక్కడ, తిరుగు టికెట్లు ఎవరి దగ్గరున్నాయి అని రాతలో అడిగి తీసుకోండి. అడగడం తప్పుకాదు, పీడీలు (కాలేజీలో ఆటలు చూసే మేష్టార్లు) చెప్తారు.

తెల్లారిగ్రౌండ్ · నెల్లూరు · మంగళవారం రాత్రి 9:50

పినాకిని గారి మాటకు ఒకటి కలుపుతా. టోర్నమెంటు దగ్గర్లో జలుబుకో నడుంనొప్పికో ఊళ్లో సూది వేయించుకోవద్దు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటివి సూదిగా వేసినా మాత్రగా మింగినా పోటీ సమయంలో నిషిద్ధం. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీల్లో ఒక మోతాదు దాటితే నిషిద్ధమే. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల "నో యువర్ మెడిసిన్" యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకుని వేసుకోవాల. ప్రెస్క్రిప్షన్ కాగితం బ్యాగులో ఉంచుకోవాల.

ఈశాన్యగాలి · కొత్తపట్నం · బుధవారం ఉదయం 6:45

ఎవరూ తుపాను మాట ఎత్తలేదు. మన రెండు జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. సౌత్ జోన్ పోటీలు ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్యే. మొదటి సెమిస్టర్ రెండో మిడ్లు, చివరి పరీక్షలు కూడా అప్పుడే. మిగ్‌జాం 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశారు కదా. కలెక్టరు సెలవులిస్తే పరీక్షలు వారం వెనక్కి జరుగుతాయి, సరిగ్గా టోర్నమెంటు మీదకి వచ్చి పడతాయి. ముందు వేసుకున్న ప్రణాళిక మొత్తం తలకిందులవుద్ది.

కాబట్టి "మిడ్ తేదీ ఇది" అని ఒక్క తేదీ మీద నమ్మకం పెట్టకుండా, క్యాంపుకు పోయేముందే రెండో మిడ్ సిలబస్ అంటే మిగతా రెండున్నర యూనిట్లలో కనీసం ఒక యూనిట్ పూర్తి చేసి పోవాల. పరీక్ష వెనక్కి జరిగితే అదృష్టం, 20 శాతమూ దక్కుద్ది.

గ్రౌండ్ సంగతి కూడా. నల్లమట్టి కోర్టు తడిసినాక బూటుకు అంటుకుని మడమ తిరగేస్తుంది. తడి కోర్టులో జంపులు వద్దు. ఆ రోజులు ఇండోర్ లేకపోతే కాంక్రీటు మీద కాకుండా మెట్లు, తాడాట, బలం పనులు చేసుకోవాల.

మిడ్స్_లెక్క · నెల్లూరు · బుధవారం ఉదయం 8:05

ఈ మాట మీద అక్కకు ఒక పట్టిక ఆలోచన. క్యాంపుకు పోయేదాకా ఉన్న పది రోజుల్లో రోజుకు గంటన్నర. అన్ని సబ్జెక్టులూ సమానంగా పంచొద్దు. లెక్కలున్న రెండు సబ్జెక్టులకు ఆరు రోజులు, ఎందుకంటే అవి క్యాంపులో ఒంటరిగా కూర్చుని రావు, ఎవరైనా చెప్పాల. చదివి గుర్తుపెట్టుకునే మూడు సబ్జెక్టులకు నాలుగు రోజులు చాలు, అవి రైల్లో చదవొచ్చు. క్లాసులో ఒకే స్నేహితుణ్ని మాట్లాడి పెట్టుకోండి, రోజూ నోట్సు ఫొటోలు పంపేట్టు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఎవరికి వారు పక్కవాడు పంపాడనుకుంటారు.

ఎన్‌పీటీఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) కోర్సు ఏమన్నా తీసుకుని ఉంటే దానికి భయం లేదు. 12 వారాల కోర్సులో వారం వారం వచ్చే అసైన్‌మెంట్లలో మంచివి 8 మాత్రమే లెక్కేస్తారు. మూడు వారాలు కట్టకపోయినా మిగతా తొమ్మిది కడితే సరి.

కావలి_అక్క · బుధవారం రాత్రి 8:50

అందరికీ చేతులెత్తి దణ్ణం. మేష్టారి అటెండెన్స్ లెక్కా, మిడ్స్ లెక్కా కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టాం. ల్యాబు సంగతి అడిగితే బి సెక్షన్‌తో శుక్రవారం రెండు ప్రయోగాలు చేయించడానికి ఒప్పుకున్నారు. అర్జీ ఇట్టా రాశాం, తప్పులుంటే చెప్పండి:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. నేను రెండో సంవత్సరం ఫలానా బ్రాంచి, హాల్ టికెట్ నంబరు ఫలానా. యూనివర్సిటీ పురుషుల వాలీబాల్ జట్టుకు ఎంపికైనాను. సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో పాల్గొనే నిమిత్తం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆన్ డ్యూటీ మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. ఎంపిక జాబితా జతచేయడమైనది."

పీడీ_మేష్టారు · ఒంగోలు · బుధవారం రాత్రి 9:20

బాగా రాశారమ్మా. రెండు మార్పులు. "పోటీల్లో పాల్గొనే నిమిత్తం" అన్నచోట "శిక్షణ శిబిరం, ప్రయాణం, పోటీల నిమిత్తం" అని మూడూ విడిగా రాయండి, లేకపోతే గుమాస్తా మ్యాచ్ రోజులే ఎక్కిస్తాడు. చివర ఒక వాక్యం కలపండి: "ఈ కాలంలో జరిగే రెండో మిడ్ పరీక్షకు ప్రత్యామ్నాయ అవకాశం ఉంటే కల్పించవలసిందిగా, లేనిచో ఆ విషయం రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను." లేదని రాసిచ్చినా మంచిదే, అప్పుడు 80 శాతం లెక్క మీదే చదువు సాగుతుంది. శుక్రవారం ల్యాబు అయ్యాక అదే రోజు మధ్యాహ్నం మూడులోపు ఆఫీసులో ఇవ్వండి. శనివారం స్టాంపు వేసే మనిషి దొరక్కపోవచ్చు.